ఇంటి పానీయము: చెరకు, పండు, తేయాకు

వేసవి వచ్చినదనిన పానీయముల కాలము వచ్చినదని అర్థము. నిజామాబాదు గాంధీచౌకు మొదలు బోధను బస్సు నిలయము వరకు దారి పొడవునను చెరకు రసపు బండ్లు, నిమ్మ షర్బతు బండ్లు కనిపించును. ఇండ్లలో పచ్చి మామిడికాయ ఉడికించి రసము తీయువారు కొందరు, సబ్జా గింజలు నానవేయువారు కొందరు. ఈ పాత వరుసలో ఇటీవల ఒక క్రొత్త అతిథి వచ్చి కూర్చున్నది. దానిని గురించి మా కార్యక్రమమునకు బోధను నుండి ఒక సోదరి ఉత్తరము వ్రాసినారు.

ఆమె కుమార్తె విదేశములో చదువుకొనుచున్నది. సెలవులకు ఇంటికి వచ్చుచు మాచా అను ఆకుపచ్చని తేయాకు పొడి డబ్బా ఒకటి తెచ్చినది. గ్లాసు అడుగున మామిడిపండు గుజ్జు వేసి, దానిపై చల్లని పాలు పోసి, ఆ పొడిని నీటిలో చిలికి మీద వంచి తల్లిదండ్రులకు ఇచ్చినది. "రుచి బాగుగనే ఉన్నది. కాని ఇది మన పానీయమని చెప్పవచ్చునా? మన పండ్లలో దీనికి ఏవి పొందును? చక్కెర ఎంత వేయవలెను?" అని ఆ సోదరి అడిగినారు. ఆమె భర్త చాల కాలము చక్కెర కర్మాగారములో పాకము కాచు విభాగమున పనిచేసినవారు. ఉత్తరము చివర ఆమె రెండు చిన్న వాక్యములు చేర్చినారు. "మామిడిపండు మా పెరటిది. చక్కెర మాత్రము మా ఊరిది కాదు."

ఈ ఉత్తరమునకు నాలుగు మాటలలో జవాబు వ్రాసి పంపవచ్చునని మొదట అనుకొన్నాము. ఆలోచించిన కొలదిని ఇది చరిత్ర చెప్పవలసిన జవాబని తోచినది. ఆ గ్లాసులో ముఖ్యముగా మూడు వస్తువులున్నవి: తీపి, పండు, ఆకు. మూడును మూడు దారులలో వచ్చినవి. ఆ దారులను ఒకసారి నడచి చూచి, పిదప ఆ సోదరి వంటయింటికి తిరిగి వచ్చెదము.

మొదట తీపి సంగతి. చెరకు రసమును కాచి, చిక్కపరచి, పలుకులుగా చేయు విద్య భరతఖండములో మిక్కిలి ప్రాచీనమైనది. సంస్కృతమున శర్కర అనగా గులకరాయి, ఇసుక పలుకు అని కూడ అర్థము. ఆ మాటయే మన నోట చక్కెర అయినది. పారశీకమున శక్కర్, అరబ్బీలో సుక్కర్, ఆంగ్లమున షుగర్ అయినది. ఖండ శబ్దము మన ఇండ్లలో కండచక్కెరగా నిలిచి, పడమటి దేశములలో క్యాండీగా మారినది. క్రీ.శ. 647లో చైనా చక్రవర్తి తైజుంగ్ చక్కెర చేయు విధానమును నేర్చుకొని రమ్మని మగధకు దూతలను పంపినట్లు ఆ దేశపు రాజవంశ చరిత్రలో వ్రాయబడి ఉన్నది. తేయాకునకు పుట్టినిల్లయిన చైనా తీపి కొరకు మన వంక చూచినదన్న మాట. ఈ ముచ్చటను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. దీనితో ముందు ముందు పని ఉన్నది.

ఇక పండు. పండ్ల రసమునకు తీపిని, సుగంధ ద్రవ్యమును చేర్చి చల్లగా త్రాగుట మనకు క్రొత్త కాదు. పానకములను గురించి ఆయుర్వేద గ్రంథములు చెప్పినవి. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 12వ శతాబ్ది పూర్వార్ధమున రచించిన మానసోల్లాసములో అన్నభోగమునకు వలెనే పానీయభోగమునకును ప్రత్యేకమైన ప్రకరణము కలదు. రాజు త్రాగు నీరు ఎట్టిదై ఉండవలెను, దానికి పరిమళము ఎట్లు కట్టవలెను, పానకము ఎట్లు చేయవలెను అను విషయములు అందు వచ్చును. ఆ కల్యాణి నేటి కర్ణాటకములోని బీదరు జిల్లాలో ఉన్నది. బోధను సీమ ఒకప్పుడు ఆ చాళుక్యుల ఏలుబడిలోనిదే. బీదరు జిల్లా మీదుగా ప్రవహించి వచ్చు మంజీర నదియే నేడు మన నిజాంసాగరమును నింపుచున్నది. కనుక పండ్ల పానకము మనకు ఎగువ నుండి వచ్చిన వారసత్వమని చెప్పినను తప్పు లేదు.

రాజుల పానకము సంగతి అట్లుండగా, ప్రజల పానకము వేరొకటి. శ్రీరామనవమి నాడు బెల్లము, మిరియాలు, యాలకులు కలిపి చేయు పానకము మన ఊళ్ళలో పందిరి పందిరికిని పంచుదురు. పీర్ల పండుగలో అదే ఊరివారు కులమత భేదము లేక షర్బతు పంచుదురు. షర్బతు అను మాట అరబ్బీలో త్రాగుట అను ధాతువు నుండి పుట్టినది. పానకము అను మాట సంస్కృతములో త్రాగుట అను ధాతువు నుండియే పుట్టినది. పేర్లు రెండు, అర్థము ఒక్కటి. బోధను వంటి ఊరిలో ఈ రెండు కుండలును ఒకే వీధిలో, ఒకే బావి నీటితో నిండినవి.

ఆ కుండలలో పడిన తీపి ఏది? చాల కాలము బెల్లమే. ఎద్దుల గానుగలో చెరకు ఆడి, పెద్ద పెనములలో రసము కాచి అచ్చులు పోసిన బెల్లము. తెల్లని చక్కెర పల్లె ఇంట అరుదైన వస్తువు. పెండ్లికో, చుట్టమునకో, మందు అనుపానమునకో దాచి ఉంచునది. ఈ స్థితిని మార్చినది నీరు.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున 1923లో మంజీరపై నిజాంసాగరము ఆనకట్ట నిర్మాణము ఆరంభమైనది. 1931లో పూర్తి అయినది. ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దరు పేరు ఈ నిర్మాణముతో ముడిపడి ఉన్నది. సుమారు 2,75,000 ఎకరములకు నీరు అందించు సంకల్పముతో కాలువలు త్రవ్వినారు. వాన మొగము చూచు మెట్ట భూములకు సంవత్సరము పొడవునను తడి దొరికినది. చెరకునకు కావలసినది అదియే. అది పన్నెండు నెలలు నేలలో నిలుచు పంట. అదే సమయమున బ్రిటిషు ఇండియాలో 1932 నాటి చక్కెర పరిశ్రమ రక్షణ చట్టము విదేశ చక్కెరపై సుంకము నిలిపి, దేశములో కర్మాగారముల స్థాపనకు ఊపు ఇచ్చినది. హైదరాబాదు రాజ్యములోను పరిశ్రమల స్థాపనకు ప్రభుత్వము పూనుకొనియున్న కాలమది. ఈ కారణములన్నియు కూడిన ఫలముగా 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టు పెరిగిన పేటకు శక్కర్‌నగర్ అని పేరు పెట్టినారు. ఒకప్పుడు అది ఆసియా ఖండములో మిక్కిలి పెద్ద చక్కెర కర్మాగారమని పేరుగాంచినది.

నీటి వెంట మనుషులు కూడ వచ్చినారు. కోస్తా జిల్లాల నుండి వరి, చెరకు పండించుటలో ఆరితేరిన రైతు కుటుంబములు తరలివచ్చి కాలువల వెంట స్థిరపడినవి. వారి ఊళ్ళు నేటికిని క్యాంపు అను పేరుతోనే పిలువబడుచున్నవి. పాత ఊరిలో చక్కెర అన్నది క్యాంపులో పంచదార అయినది. ఇక్కడివారు షర్బతు అన్నదానిని అక్కడివారు పానకము అన్నారు. ఇరువురి పిల్లలును ఒకే బడిలో చదివి, రెండు మాటలును నేర్చినారు.

తెల్లని చక్కెర చేతికందిన తరువాత ఇంటి పానీయము స్వభావమే మారినది. బెల్లమునకు తన రంగు, తన వాసన, కొంచెము ఉప్పదనము ఉన్నవి. పండు దాని ముందు తలవంచును. చక్కెర అట్లు కాదు. అది తీపి మాత్రమే ఇచ్చి ప్రక్కకు తొలగును. పండు రంగును, పరిమళమును కనబడనిచ్చును. మరియొక గుణము కూడ కలదు. నూటికి 65 పాళ్ళకు తగ్గకుండ చక్కెర ఉన్న చిక్కని పాకములో సూక్ష్మజీవులు పెరుగుట కష్టము; వానికి కావలసిన నీటిని చక్కెర పట్టి ఉంచును. అందుచేతనే నిమ్మ, మామిడి, దానిమ్మ రసములను పాకము పట్టి సీసాలలో నిలువచేయుట గృహిణులకు సాధ్యమైనది. వేసవి పండును వానకాలమున చుట్టమునకు ఇచ్చు మర్యాద అట్లు వచ్చినది.

మూడవది ఆకు. తేయాకు మొక్క అస్సాము అడవులలో ఉన్నదని 1823లో రాబర్టు బ్రూసు అను స్కాట్లండు వ్యాపారి స్థానిక సింగ్‌ఫో ప్రజల వలన తెలిసికొన్నాడు. 1839లో అస్సాము తేయాకు తొలిసారి లండను వేలములో అమ్ముడుపోయినది. అయినను పండించిన దేశము చాల కాలము దానిని త్రాగలేదు. 1903లో ఎగుమతి తేయాకుపై ఒక సుంకము విధించి, ఆ ధనముతో ప్రచారమునకు పూనుకొన్నారు. 1930 దశకమున పట్టణములలో, సంతలలో, రైలు స్టేషన్లలో టీ కాచి, రుచి చూపి, అలవాటు చేసినారు. ఈ పని చూచు సంస్థకు 1937లో భారత తేయాకు విపణి విస్తరణ మండలి అని పేరు మార్చినారు. బోధను కర్మాగారము వెలసిన సంవత్సరమును అదియే. ఒక ప్రక్క టీ నేర్పువారు, ఒక ప్రక్క చక్కెర చేయువారు. ఇరువురకును మన వంటయిల్లే గమ్యస్థానము. హైదరాబాదులో ఇరానీ హోటళ్ళు పాలు మరగకాచి చిక్కని చాయకు ప్రఖ్యాతి తెచ్చినవి. తెలంగాణ పల్లెలో చాయ అనిన పాలు, చక్కెర కలిసినదే. అవి లేని చాయను మనవారు ఎరుగరు.

కాని తేయాకును పొడి చేసి, ఆకుతో సహా త్రాగు పద్ధతి వేరు. అది చైనాలో సుంగ్ వంశపు కాలమున వ్యాప్తిలో ఉండినది. తేయాకు అచ్చులను నూరి, ఆ పొడిని వేడినీటిలో చిలికి త్రాగెడివారు. 1191లో చైనా నుండి తిరిగివచ్చిన ఐసాయి అను బౌద్ధ భిక్షువు తేయాకు విత్తనములను, ఈ పద్ధతిని జపాను దేశమునకు తెచ్చినాడు. 1211లో తేనీటి ఆరోగ్య గుణములపై ఒక గ్రంథము కూడ వ్రాసినాడు. తరువాత 1391లో మింగ్ చక్రవర్తి తేయాకు అచ్చులను కానుకగా పంపు ఆచారమును రద్దుచేసి, విడి ఆకును పంపుడని శాసించినాడు. చైనాలో పొడి తేనీరు క్రమముగా మరుగుపడినది. జపానులో మాత్రము నిలిచి, ఒక కళగా పెరిగినది. 16వ శతాబ్ది నాటికి క్యోటో సమీపమున ఉజి ప్రాంతము దీనికి పేరెన్నికగన్నది.

మాచా అనగా ఏ తేయాకు పొడియైనను కాదు. కోతకు ముందు ఇంచుమించు మూడు వారములు మొక్కలపై పందిరి వేసి ఎండ తగులనీయరు. నీడలో ఆకు పచ్చదనము హెచ్చును, చేదు తగ్గును. కోసిన వెంటనే ఆవిరి పట్టి, ఆరబెట్టి, కాడలును ఈనెలును తీసివేసి, మిగిలిన మెత్తని భాగమును రాతి తిరుగలిలో విసరుదురు. ఒక తిరుగలికి గంటకు సుమారు 40 గ్రాములు మాత్రమే వచ్చును. దాని వెల అధికమగుటకు కారణమిదే. సామాన్యమైన పచ్చ తేయాకును మిక్సీలో వేసి మాచా అనుకొన్నచో గరుకుదనము, చేదు మిగులును.

ఇప్పుడు ఆ సోదరి వంటయింటికి వచ్చెదము. ఒక గ్లాసునకు రెండు గ్రాములు, అనగా చిన్న చెంచాడు పొడి చాలును. దానిని సన్నని జల్లెడలో తప్పక జల్లించవలెను. లేనిచో ఉండలు కట్టును. సలసల మరుగు నీరు పోయరాదు, చేదు ఎక్కును. మూడు వంతులు మరిగిన నీటికి ఒక వంతు చల్లని నీరు చేర్చిన 80 డిగ్రీల దరిదాపునకు వచ్చును; అది సరియైన వేడి. అట్టి నీటిని పావు గ్లాసు పోసి, నురుగు వచ్చువరకు చిలుకవలెను. జపానువారు ఇందుకు వెదురు కుంచె వాడుదురు. మన ఇంట పప్పు ఎనుపునది కాక, చల్ల చిలుకు చిన్న కవ్వము చక్కగా పనిచేయును.

పండ్లలో మామిడి దీనికి మొదటి స్నేహితుడు. బాగుగా పండిన గుజ్జు మూడు చెంచాలు అడుగున వేసి, చల్లని పాలు ముప్పాతిక గ్లాసు పోసి, చిలికిన తేనీటిని మెల్లగా పైన వంచవలెను. సీతాఫలము రెండవది. గింజలు తీసిన గుజ్జును పాలలో కలిపి ఇట్లే చేయవచ్చును. అయితే సీతాఫలమును వేడిచేయరాదు, చేదగును. తేనీరు చల్లారిన పిదపనే కలుపవలెను. నిమ్మ, బత్తాయి రసములు పాలను విరుచును కనుక వానికి పాలు పనికిరావు; చల్లని నీటితోనే చేయవలెను. పులుపు తగిలిన ఆకుపచ్చ రంగు క్రమముగా మాసి గోధుమవన్నెకు తిరుగును. కావున కలిపిన వెంటనే త్రాగుట మేలు. నేరేడు మాత్రము పొందదు. దాని వగరు, తేయాకు వగరు కలిసి నాలుకను పట్టివేయును.

రెండు హెచ్చరికలు. ఈ పొడిలో ఆకు అంతయు లోనికి పోవును కనుక కెఫీను తక్కువేమి కాదు. పసిపిల్లలకు ఇవ్వవద్దు, రాత్రివేళ వద్దు. తేయాకులోని వగరు పదార్థములు అన్నములోని ఇనుమును దేహము గ్రహింపకుండ అడ్డుపడును. రక్తహీనత కల స్త్రీలు భోజనముతో పాటు దీనిని తీసికొనరాదు. గంట రెండు గంటల ఎడము ఉంచవలెను.

ఇక చక్కెర ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారము ఆహారమునకు వెలుపలి నుండి చేర్చు తీపి దినమునకు 50 గ్రాములు మించరాదు. 25 గ్రాములలోపు ఉన్న మరింత మేలు. చిన్న చెంచాడు చక్కెర సుమారు 5 గ్రాములు. పండిన మామిడి ఉన్న గ్లాసునకు ఒక చెంచాడు చాలును, లేకున్నను లోటు లేదు. చక్కెర పుట్టిన ఊరివారికి తక్కువ వేయుమని చెప్పుట మాకును కొంచెము కష్టముగనే ఉన్నది. కాని తీపి విలువ తెలిసినవారే దానిని కొలిచి వాడగలరు.

ఇది మన పానీయమేనా అన్న ప్రశ్నకు జవాబు ఇప్పటికే శ్రోతలకు తోచియుండును. 647లో తీపి నేర్చుకొనుటకు తేయాకు దేశమువారు మన వాకిటికి వచ్చినారు. వారి దేశమున మరుగుపడి, పొరుగు ద్వీపమున నిలిచిన తేయాకు పొడి నేడు మన పండు వెదకికొనుచు వచ్చినది. బంధుత్వము పాతదే. దీనిని అతిథిగా పిలిచి, మన పండుతో, మన కవ్వముతో ఆదరించుటలో సంకోచింప పనిలేదు.

కాని ఉత్తరము చివరి వాక్యమునకు వంటయింటిలో జవాబు లేదు. 2002లో కర్మాగారము ప్రైవేటు భాగస్వామ్యమునకు వెళ్ళినది. 2015 డిసెంబరులో మూతపడినది. కార్మికులు వీధిన పడినారు. చెరకు రైతులలో పలువురు వరి వైపు మరలినారు. తిరిగి తెరతురను మాట తరువాత పలుమారులు వినవచ్చినది. నీరు తెచ్చుటకు ఎనిమిదేండ్లు, కర్మాగారము నిలబెట్టుటకు ఒక ప్రభుత్వపు పట్టుదల, ఆ పనితనము నేర్చుటకు ఒక తరము పట్టినవి. మూయుటకు ఒక్క ప్రకటన చాలినది. చరిత్ర చెప్పువారము ఈ లెక్కను దాచరాదు.

పాకము కాచు పనివారు పలుకు కట్టిన సమయమును తెలిసికొనుటకు కడవ నుండి ఒక బొట్టు తీసి, గాజుపలకపై పరచి, వెలుతురునకు పట్టి చూచెడివారు. పలుకులు సమముగా ఉన్నవా, పొడి పలుకు పడినదా అని కంటితోనే నిర్ణయించెడివారు. యంత్రము ఎంత పెద్దదైనను ఆ చూపు మనిషిదే. ఆ సోదరికి మా మనవి ఇది. ఈ మారు కుమార్తె గ్లాసును వెలుతురునకు పట్టి పండు పొర, పాల పొర, ఆకు పొర చూచునపుడు, తండ్రిగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ గాజుపలక సంగతి అడుగుమనుడు. చక్కెర ఎంత వేయవలెనో ఆయననే చెప్పుమనుడు. శక్కర్‌నగర్‌లో ఆ విద్య ఎరిగిన చేతులు ఇంకను ఉన్నవి. అడిగి తెలిసికొనవలసిన కాలము ఇదియే.